మాట పడిపోయిన లాప్‌టాప్

మా కాలేజీలో కొత్తగా చేరిన ల్యాబ్ అసిస్టెంట్లు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటారు. "మేడం, పాత లాప్‌టాప్‌లకు లినక్స్ ఎట్ల ఎక్కియ్యాలె? జర చెప్పుండ్రి" అని. విండోస్ బదులు ఉచితంగా దొరికే ఈ లినక్స్‌ను ఎక్కించడం పెద్ద విద్యేమీ కాదు నాయనా. పెన్‌డ్రైవ్ పెట్టి, అది అడిగినదానికల్లా సరే అంటూ పోతే టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. అసలు ఉద్యోగం ఆ తర్వాత మొదలవుతుంది. వైఫై రాదు. వైఫై వస్తే టచ్‌ప్యాడ్ కదలదు. అదీ కదిలితే, మూత వేసి తెరిచేసరికి తెర నల్లగా ఉంటుంది. అన్నీ దారికొచ్చాయని మురిసిపోయే సమయానికి ఎవరో వచ్చి "సౌండ్ వస్తలేదు" అంటారు.

హనుమకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌చార్జిగా పనిచేసి రిటైరయ్యాను. పేరు విజయలక్ష్మి. పిల్లలకు సిస్టమ్స్ మేడాన్ని. ఎప్పుడు చేరాను, జీతం ఎప్పుడు పెరిగింది లాంటివి రాయను. పెరిగినప్పుడు నాకే సరిగా తెలియలేదు, మీకేం చెబుతాను! ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఉపయోగపడే సంగతులు కొన్ని చెబుతాను. వాటిలో రజిత లాప్‌టాప్ సంగతే ముఖ్యం. మిగతావి దాని కోసమే చెబుతున్నాననుకోండి.

రజిత అడిగింది

రజితది రఘునాథపల్లి. తండ్రి సమ్మయ్య పత్తి, వరి పండిస్తాడు. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. అప్పుడు బీఏ ఆఖరి సంవత్సరం. ఒకరోజు తండ్రీ కూతుళ్లిద్దరూ ల్యాబ్‌కు వచ్చారు. సమ్మయ్య గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, చేతిసంచి పట్టుకుని నిలబడ్డాడు. రజిత మాత్రం గోడ పట్టుకుంటూ నేరుగా నా టేబుల్ దగ్గరికి వచ్చేసింది.

"మేడం, ఈసారి పరీక్ష నేనే రాస్త."

"ఇన్నిరోజులు ఎవలు రాసిండ్రు మరి?" అన్నాను.

"నేను చెప్పిన. జూనియర్ పిల్ల రాసింది. మంచి పిల్లనే మేడం. నేనొకటి చెప్తే 'అక్కా, గిట్ల రాస్తే ఇంకా మంచిగుంటది' అని తనొకటి రాస్తది. మార్కులు మంచిగనే వచ్చినయి. అండ్ల నావెన్నో, ఆ పిల్లవెన్నో నాకైతే తెల్వది. డిగ్రీ మీద మాత్రం నా పేరే ఉంటది."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. అన్నేళ్లుగా పరీక్షలప్పుడు అలాంటి పిల్లల పక్కన రాసేవాళ్లు కూర్చోవడం చూస్తూనే ఉన్నాను. మంచి ఏర్పాటే కదా అనుకున్నానే తప్ప ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు.

"బిడ్డ చెప్తాంది మేడం. నేను బస్సుల తోలుకొచ్చిన, గంతే నా పని" అన్నాడు సమ్మయ్య గుమ్మం దగ్గరి నుంచే.

మాది అటానమస్ కాలేజీ, పరీక్షలు మావే. అందుకని అనుమతి సంపాదించడం మరీ కష్టం కాలేదు. పరీక్షల ఇన్‌చార్జి రాఘవేందర్ సార్ తలకాయ గోక్కుని, ప్రిన్సిపాల్‌తో మాట్లాడి, చివరికి సరే అన్నారు. కాకపోతే ఆయన షరతులు ఆయనకున్నాయి. లాప్‌టాప్ కాలేజీదే కావాలి. ఇంటర్నెట్, బ్లూటూత్ బంద్. పెన్‌డ్రైవ్ దూరే రంధ్రాలన్నిటికీ టేపు వేసి సంతకం పెడతారు. పక్కవాళ్లకు ఇబ్బంది లేకుండా ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవాలి, అవి కూడా గుండ్రటి రంధ్రంలో గుచ్చే మామూలువే. పరీక్షలకు ముందు సోమవారం నాడు ఇదంతా ఆయనకు చేసి చూపించాలి. చూపించలేకపోతే పాత పద్ధతే. ఆమె చెబుతుంది, ఇంకొకరు రాస్తారు. ఆ ఏడాది పరీక్షలు వెనక్కి జరిగి దసరా తర్వాత పడ్డాయి, అవే ఆమెకు చివరి పరీక్షలు. ఆ తర్వాత ఇంకో అవకాశం లేదు.

కరస్పాండెంట్ సార్ లాప్‌టాప్‌లు

ఇక్కడ మా కరస్పాండెంట్ సార్ గురించి చెప్పాలి. కాలేజీ ఆయనదే. మంచి మనిషి, చేయి పెద్దది, గొంతు ఇంకా పెద్దది. ఆయనకు రిబ్బన్లు కత్తిరించడమంటే ప్రాణం. హైదరాబాద్‌లో ఏవో ఆఫీసులు వాడి వదిలేసిన లాప్‌టాప్‌లను లాటుగా తెప్పించి, వాటికి ఒక గది ఇచ్చి, దానికి ప్రారంభోత్సవం చేశారు. కంప్యూటర్ పనిచేయడమంటే ఆయన లెక్కలో లైటు వెలగడం. లైటు వెలిగిందంటే మిగతాది విజయమ్మ చూసుకుంటుంది.

ఆ లాటులో ఒకదానికొకటి పోలిక లేదు. ఒకదానికి కీలు ఊడిపోయాయి, ఒకదానికి తెర మీద గీత, చాలావాటికి బ్యాటరీ పేరుకే ఉంది. మా పరీక్ష హాల్లో బెంచీల దగ్గర ప్లగ్గులు లేవు. పరీక్ష మొత్తం బ్యాటరీ మీద నిలబడగలిగేది, కీలన్నీ సరిగ్గా ఉన్నది వెతికితే ఒక్కటే దొరికింది. దాని కీబోర్డు మీద రజిత వేళ్లకు ఆనవాలుగా అక్కడక్కడా జిగురు చుక్కలు పెట్టి ఇచ్చాను. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వేశాను.

అప్పటికి అందులో విండోస్ ఉంది. ఆ పాత ప్రాణానికి అది చాలా బరువు. రజిత ఒక పదం కొట్టి, రెండోది కొట్టి, మూడోదానికి పోతుంటే అప్పుడు తీరిగ్గా మొదటి పదం వినిపించేది. "మేడం, ఇది నిన్నటి ముచ్చట ఇయ్యాల చెప్తాంది" అని నవ్వేది రజిత. మాట మాత్రం వినిపించేది. అది గుర్తుపెట్టుకోండి.

"దసరా సెలవులు కానియ్యి, లినక్స్ ఎక్కిస్త. మస్తు ఉరుకుతది" అని మాటిచ్చాను.

సెలవులకు ముందు ల్యాబ్‌లో ఆయుధ పూజ జరిగింది. మా కరస్పాండెంట్ సార్ చేయిస్తే అది పూజలా ఉండదు, పెళ్లిలా ఉంటుంది. టేబుల్ మీద పూలు, పండ్లు, కొబ్బరికాయలు పెట్టాక లాప్‌టాప్‌లకు చోటు మిగల్లేదు. వాటిని పక్కనున్న ర్యాకులో పుస్తకాల్లాగా నిలువుగా పేర్చాం. పంతులుగారు మంత్రం చదివారు, అందరం బొట్లు పెట్టాం, సార్ పళ్లెంలోంచి పిడికెడు పిడికెడు అక్షింతలు తీసి ర్యాకు మీద కుమ్మరించారు. ఫొటోలు దిగాం. ప్రసాదం తిన్నాం. ఎవరి ఊళ్లకు వాళ్లం పోయాం.

ఎక్కించాక మిగిలే పని

సెలవుల తర్వాత లినక్స్ ఎక్కించాను. అనుకున్నట్టే వైఫై రాలేదు. తెలుగులో చదివి వినిపించే గొంతు దించుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ రావాలంటే వైఫైకి దాని సాఫ్ట్‌వేర్ కావాలి, ఆ సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్‌లో ఉంటుంది. బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టన్నమాట. చురుకైన పిల్లలు కూడా ఇక్కడ మధ్యాహ్నమంతా కూర్చుని జుట్టు పీక్కోవడం చూశాను. మీ ఫోన్‌ను కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ నెట్టునే దానికి ఇవ్వండి, చాలు. డిగ్రీ సర్టిఫికెట్ ఇంట్లో మరిచిపోయినా ఫరవాలేదు, ఆ కేబుల్ మాత్రం ఎప్పుడూ సంచిలో ఉండాలి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇంటర్నెట్‌లో కనబడిన కమాండ్లన్నీ కాపీ చేసి కొట్టకండి. అది ఎవరో, ఎక్కడో, తన లాప్‌టాప్‌కు వాడుకున్న మందు. పక్కింటాయన బీపీ గోళీ తెచ్చి మీరు వేసుకుంటారా? ఆ కమాండ్ ఏం చేస్తుందో మీ నోటితో మీరు చెప్పగలిగితేనే కొట్టండి. నా దగ్గర పనిచేసిన వాళ్లతో ఈ విషయంలో చాలాసార్లు గొడవ పెట్టుకున్నాను. గొడవ పెట్టుకున్నందుకు నాకు బాధేమీ లేదు.

వైఫై వచ్చింది. తెలుగు గొంతు దిగింది. టచ్‌ప్యాడ్ రజితకు అక్కర్లేదు, చేయి తగిలి అడ్డం పడుతుందని ఆపేశాను. మిషన్ నిజంగానే ఉరుకుతోంది. రజితను పిలిచి కూర్చోబెట్టి, గొంతు మొదలుపెట్టి, ఇద్దరం చెవులు రిక్కించాం.

నిశ్శబ్దం.

"మేడం, షురూ చేసిండ్రా?" అంది రజిత.

నాకు ముఖం చెల్లలేదు. "జర ఆగు బిడ్డా" అన్నాను.

ఆ 'జర' చాలా పొడుగైంది. సౌండ్ సెట్టింగుల్లో మూసి ఉన్నవన్నీ తెరిచాను. సౌండ్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్‌ను డ్రైవర్ అంటారు, దానికి మోడల్ పేరు ఒక తీరుగా చెప్పి చూశాను, ఇంకో తీరుగా చెప్పి చూశాను. వేరే రకం లినక్స్ పెన్‌డ్రైవ్ మీంచి నడిపి చూశాను. ప్రతిచోటా ఒకటే మాట కనబడింది: హెడ్‌ఫోన్ తగిలించి ఉంది. అక్కడ ఏ హెడ్‌ఫోనూ లేదు. పాత మిషన్లలో లినక్స్ ఇలా పొరబడటం నేను చాలాసార్లు చూశాను కాబట్టి అది అబద్ధం చెబుతోందని తీర్మానించుకున్నాను. నా ఇయర్‌ఫోన్స్ కూడా గుచ్చి చూశాను. వాటిలోనూ మాట రాలేదు. దాంతో డ్రైవరే దోషి అని ఖాయం చేసుకున్నాను.

కరస్పాండెంట్ సార్ రోజూ ఒకసారి తొంగి చూసేవారు.

"అయిందా విజయమ్మా?"

"అయితాంది సార్."

"విండోస్ల మాట్లాడేది గదమ్మా? నువ్వే గదా మార్చినవ్."

విండోస్‌లో వినిపించింది, లినక్స్ ఎక్కించాక ఆగిపోయింది. ఎవరైనా అదే అనుకుంటారు, నేనూ అదే అనుకున్నాను. మళ్లీ విండోస్ వేద్దామంటే గొంతు ఆలస్యం అవుతుంది, పరీక్షలో టైం చాలదు. సోమవారం దగ్గరికొస్తోంది. రాఘవేందర్ సార్ స్టాఫ్ రూంలో ఎదురుపడి, మెల్లగా, "మేడం, రాసే పిల్లకు ఒక మాట చెప్పి పెట్టాల్నా?" అని అడిగారు. ఆయన మంచికే అడిగారు.

కేసముద్రం సేటు కడియం

ఇలా ఇరుక్కున్నప్పుడు ఏం చేయాలో నాకు నేర్పింది ఏ పుస్తకమూ కాదు, కేసముద్రంలోని మా మరిది వరస ఒకాయన. సోమనర్సయ్య సేటు. మార్కెట్ యార్డులో అడ్తి వ్యాపారం. ఆయన పాత లాప్‌టాప్‌కు నేనే లినక్స్ వేసిచ్చాను. కొన్నాళ్లకు ఫోన్ వచ్చింది.

"వదినా, ఇది నా మీద పగబట్టింది. నేను ముట్టుకుంటే పండుకుంటాంది."

రైలెక్కి పోయాను. నేను ముందు కూర్చుంటే శుభ్రంగా పనిచేసింది. ఏవో సెట్టింగులు మార్చి, వాళ్లింట్లో భోంచేసి వచ్చేశాను. ఇల్లు చేరేలోపు మళ్లీ ఫోన్. మళ్లీ పోయాను, మళ్లీ బుద్ధిగా పనిచేసింది. సేటుకు కోపం వచ్చేసింది. "నువ్వుంటే నీతి చెప్తది, నువ్వు పోంగనే దొంగేషాలేస్తది" అని లాప్‌టాప్‌ను తిట్టాడు.

"సరే మరిదీ, నువ్వు కూసో. రోజు చేసే పనే చెయ్యి. నేను చేతులు కట్టుకుని చూస్త" అన్నాను.

ఆయన కూర్చుని ఆనాటి మిర్చి ధరలు కొట్టడం మొదలుపెట్టాడు. ఎడమ చేయి కీబోర్డు కింది అంచు మీద ఆనగానే తెర ఆరిపోయింది. ఆ చేతికి నల్లటి కడియం ఉంది. ఎగ్జిబిషన్‌లో కొన్నాడట, మోకాళ్ల నొప్పులు పోతాయని, అయస్కాంతం కడియం. మూత మూశారని లాప్‌టాప్‌కు తెలిసేది కూడా ఒక చిన్న అయస్కాంతం వల్లే. మూతలో అయస్కాంతం ఉంటుంది, కింది అంచులో ఒక పక్కన, దీనికైతే ఎడమవైపు, దాన్ని పసిగట్టేది ఉంటుంది. సేటు చేయి అక్కడ ఆనగానే, యజమాని మూత మూశాడు కాబోలని అది మర్యాదగా పడుకుంటోంది.

విషయం చెబితే సేటు కడియం వైపు ఎంతో గౌరవంగా చూసుకున్నాడు. "అంటే దీంట్ల పవర్ ఉన్నట్టే గదా వదినా! మరి మోకాళ్ల నొప్పులు పోతలేవేంది?" అన్నాడు. దానికి నా దగ్గర డ్రైవర్ లేదు. కడియం కుడి చేతికి మార్పించి వచ్చేశాను.

అప్పటి నుంచి నాకొక అలవాటు పట్టుబడింది. ఎంత తంటాలు పడినా తేలకపోతే, ఆ మిషన్‌ను వాడే మనిషిని పిలిచి, వాళ్ల పద్ధతిలోనే వాళ్ల పని చేయమంటాను. నోరు మూసుకుని చూస్తాను. ఇది వినడానికి తేలిక, చేయడానికి కష్టం. సగంలోనే మన చేయి కీబోర్డు మీదికి పోతుంది. ఆపుకోవాలి.

గోరంత తేడా

శుక్రవారం రజితను రమ్మన్నాను. సమ్మయ్య వెంట వచ్చాడు. మాట రావడం లేదని ఆమెకు తెలుసు, అయినా అదే మిషన్ ముందు కూర్చోమన్నాను. "పరీక్షల ఎట్ల చేస్తవో అట్లనే చెయ్యి బిడ్డా. మాటొచ్చినా రాకున్నా ఫికర్ చెయ్యకు" అన్నాను.

రజిత ముందు లాప్‌టాప్ చుట్టూ వేళ్లతో తడిమింది. కొత్త ఇంట్లో అడుగుపెట్టినట్టు, మెల్లగా, అంచులన్నీ. తర్వాత సంచిలోంచి తన ఇయర్‌ఫోన్స్ తీసింది. రోజంతా ఫోన్‌లో పాఠాలు వినేది వాటితోనే. గుండ్రటి రంధ్రం వెతికి పిన్ను గుచ్చింది. గుచ్చి, వెంటనే వేలు అక్కడే ఉంచి ఆగిపోయింది.

"మేడం, ఇది మొత్తం పోతలేదు."

"పాతది గదా, బిగుతుంటది" అన్నాను. నోరు మూసుకుంటానన్నది అప్పుడే మరిచిపోయాను.

"బిగుతు గాదు మేడం. ఫోన్ల పెడితే అంచుకు తాకుతది. ఇండ్ల తాకుతలేదు. గోరంత బయటనే ఉన్నది. లోపట ఏదో అడ్డమున్నది."

నేను వంగి చూశాను. నిజమే. పిన్నుకూ అంచుకూ మధ్య సన్నగా మెరుస్తూ గోరంత లోహం కనబడుతోంది. నేను గుచ్చినప్పుడూ అంతే ఉండి ఉంటుంది. నా చూపంతా తెర మీదే ఉంది. పిన్ను తీయించి, ఫోన్ టార్చి వేసి రంధ్రంలోకి చూశాను. లోపల, అడుగున, పచ్చగా ఏదో ఉంది.

అక్షింత.

నాకు నవ్వు ఆగలేదు. లాప్‌టాప్‌లు ర్యాకులో నిలువుగా ఉన్నాయి, రంధ్రాలు పైకి చూస్తున్నాయి, మా సార్ పిడికిలి పెద్దది. ఒక గింజ తిన్నగా లోపలికి పోయి కూర్చుంది. ఆ రంధ్రంలో ఒక సన్నని రేకు ఉంటుంది. పిన్ను దూరితే ఆ రేకు పక్కకు జరుగుతుంది, స్పీకర్ ఆగిపోతుంది. ఆ పని గింజ చేసింది, పైగా పిన్నును మొత్తం దిగనివ్వక ఇయర్‌ఫోన్స్‌నూ మూగబెట్టింది. హెడ్‌ఫోన్ ఉందని లినక్స్ చెబుతూనే ఉంది పాపం, దానికి తెలిసినంతలో నిజమే చెప్పింది. ఆ సెలవులకు అటూ ఇటూ లాప్‌టాప్‌కు జరిగినవి రెండు, ఒకటి పూజ, ఒకటి లినక్స్. అందరం లినక్స్‌నే పట్టుకున్నాం. పూజలో తప్పు జరుగుతుందని మన దగ్గర ఎవరనుకుంటారు?

బ్యాటరీ తీసేసి, లాప్‌టాప్‌ను బోర్లించి తట్టాను. రాలేదు. పసుపు, నెయ్యి కలిసి గట్టిపడి అతుక్కుంది. సూదితో పొడిస్తే రేకు చెడిపోతుంది. మీరెప్పుడూ పొడవకండి. ఖాళీ అయిన పెన్ను రీఫిల్ సన్నగా కోసి, దాన్ని నెమ్మదిగా లోపలికి దింపి, తిప్పుతూ నొక్కాను. గింజ కొస రీఫిల్ మూతిలో ఇరుక్కుని బయటికొచ్చింది.

బ్యాటరీ పెట్టి ఆన్ చేశాను. ఒక సంగతి మరిచిపోయాను. ఇన్నాళ్ల తంటాల్లో వాల్యూమ్ మొత్తం పైకి పెట్టేశాను. తెర వెలిగీ వెలగగానే ల్యాబ్ దద్దరిల్లేలా ఒక ఇనుప గొంతు తెలుగులో అరిచింది. రజిత కుర్చీలో ఎగిరిపడింది, ఆ వెంటనే చప్పట్లు కొట్టింది. వరండాలో పోతున్న కరస్పాండెంట్ సార్ పరుగున వచ్చారు.

"ఏమైందమ్మా? ఎవలు కొట్లాడుతాండ్రు?"

"ఎవలు లేరు సార్. మీ అక్షింతలు మాట్లాడుతానయి" అని గింజను అరచేతిలో పెట్టి చూపించాను.

ఆయన దాన్ని చూసి, విషయం అర్థమై, పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వు తగ్గాక మెల్లగా, "దేవునివి గదా, పారెయ్యకమ్మా" అన్నారు. అంతవరకూ గుమ్మం దగ్గరే నిలబడ్డ సమ్మయ్య లోపలికి వచ్చాడు. నా చేతిలోంచి గింజ తీసుకుని కూతురి తల మీద వేశాడు.

"బిడ్డ నెత్తి మీద పడాల్సింది సార్. తొవ్వ తప్పి అండ్ల పడ్డది" అన్నాడు.

సార్ అటెండర్‌ను కేకేసి అందరికీ చాయ్ చెప్పారు.

సోమవారం, ఆ తర్వాత

రాఘవేందర్ సార్ టేపు చుట్ట, కత్తెర, సంతకానికి పెన్ను పట్టుకుని వచ్చారు. పెన్‌డ్రైవ్ రంధ్రాలన్నీ మూశాక గుండ్రటి రంధ్రం వైపు అనుమానంగా చూస్తుంటే గబుక్కున చేయి అడ్డం పెట్టాను.

"దాన్నొక్కదాన్ని ముట్టుకోకుండ్రి సార్, మీకు దండం పెడత" అన్నాను.

ఆయన ఒక పేరా చదివారు. రజిత విని, టైపు చేసి, మళ్లీ విని, మధ్యలో ఒక ఒత్తు తప్పుపడితే తానే గుర్తుపట్టి దిద్దుకుంది. సార్ ఇయర్‌ఫోన్ ఒకటి తన చెవికి పెట్టుకుని ముఖం చిట్లించారు.

"ఇదేం తెలుగమ్మా?"

"పండ్లు లేని మా తాత లెక్క మాట్లాడుతది సార్. నాకు అలవాటైంది" అంది రజిత.

ఆయన అనుమతి మీద సంతకం పెట్టారు. పరీక్షల రోజుల్లో నేను వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మూత పొరపాటున మూసినా పడుకోకుండా, అప్‌డేట్లు అడగకుండా, తెర ఆరకుండా అన్నీ ఆపేసి పెట్టాను. అయినా లోపలి నుంచి ఇన్విజిలేటర్ బయటికి తొంగి చూసినప్పుడల్లా లేచి నిలబడేదాన్ని. ఆయన మంచినీళ్ల కోసం తొంగి చూసేవాడు, అంతే. మిషన్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. పరీక్ష కాగానే రాఘవేందర్ సార్ ముందు ఆమె జవాబులు ప్రింటు తీసి కట్ట కట్టేవాళ్లం.

రిజల్ట్స్ వచ్చిన నాటికి నేను రిటైర్‌మెంట్ దగ్గర పడి ల్యాబ్ సామాను అప్పగిస్తున్నాను. రజిత, సమ్మయ్య వచ్చారు. సమ్మయ్య చేతిలో పెద్ద మిఠాయి డబ్బా. అక్కడే ఉన్న రాఘవేందర్ సార్ ఒక ముక్క నోట్లో వేసుకుంటూ ఇబ్బందిగా అన్నారు: "పాసైనవ్ గనీ, పోయినసారి కంటే మార్కులు జర తగ్గినయి గదమ్మా?"

"గదే నాకూ సమజైతలేదు సార్" అన్నాడు సమ్మయ్య. "మార్కులు తగ్గితే ఎవలన్న మిఠాయి పంచుతరా? ఇది కొనేదాక బజార్ల కెళ్లి కదలనియ్యలేదు."

రజిత సంచిలోంచి కాగితాలు తీసింది. దిద్దిన జవాబు పత్రం నకలు, దరఖాస్తు పెట్టి తెప్పించుకుందట. నా టేబుల్ తడిమి చూసుకుని, వాటిని నా ముందు పెట్టింది.

"మేడం, ఎర్ర గీతలు ఏడేడున్నయో చదివి చెప్పుండ్రి."

"తప్పులెందుకు బిడ్డా? మంచిగ రాసినవి చదువుత."

"అవి వద్దు. తప్పులే చదువుండ్రి."

చదివాను. ఒక రాజు తర్వాత రావాల్సిన రాజును ముందు రాసింది. ఒక చోట ఒత్తు పోయింది. ఒక ప్రశ్నకు సగమే జవాబు రాసి వదిలేసింది. ఒక్కొక్కటి చదువుతుంటే రజిత కుర్చీలో ముందుకు జరిగి, ముఖమంతా నవ్వుతో, ప్రతిదానికీ తల ఊపింది.

"ఆ... అది నేనే చేసిన. ఆ... అది గూడ నాదే. చదువుండ్రి మేడం, ఇంకా చదువుండ్రి."